బడికి వచ్చే పోలీసు అధికారి శిక్షణను ఎలా సరిచూసుకోవాలి

చెన్నైలోని తెలుగు బడి యాజమాన్యం పోలీసులను అవగాహన తరగతికి పిలిచేటప్పుడు, ముందుగా స్టేషన్‌లోని బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరో అడిగి తెలుసుకోవాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం 107వ సెక్షన్ ప్రకారం ఈ అధికారి అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గకుండా, తగిన శిక్షణ పొందినవారై ఉండాలి. ఆ శిక్షణ ఎప్పుడు పూర్తయిందో ఉత్తరం రాసి అడగడం మర్యాదే గాని అనుమానం కాదు.

తరగతి వేరు, విచారణ వేరు. లైంగిక వేధింపుల ఫిర్యాదైతే, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 24వ సెక్షన్ వర్తిస్తుంది. వాంగ్మూలం తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, వీలైనంతవరకు సబ్ ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గని మహిళ అయి ఉండాలి. 26వ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులో, బిడ్డ నమ్మినవారో పక్కన ఉండాలి, అవసరమైతే అనువాదకుల సాయమూ తీసుకోవచ్చు.

ఈ చివరి మాట మనకు చాలా ముఖ్యం. ఒకసారి మా బడిలో ఆరో తరగతి పిల్లవాడు, తమిళంలో అడిగిన ప్రతి ప్రశ్నకూ చొక్కా అంచు నలుపుతూ ‘ఆమాం’ (అవును) అనే చెప్పాడు. తెలుగులో అడిగాక గాని అతడికి ప్రశ్నే అర్థం కాలేదని తెలియలేదు. కాబట్టి తెలుగు వచ్చిన ఉపాధ్యాయురాలి పేరును ముందే స్టేషన్‌కు తెలియజేయండి.