ఆపరేషన్ ముందు భయం, తర్వాత పోని నొప్పి: ముందే ఏం చేస్కోవాలి

మా అమ్మకి మోకాలి చిప్ప మార్చే డేట్ ఇచ్చిన రోజు నుంచీ సరిగ్గా నిద్ర లేదు, అడిగితే ఏం లేదురా అనేది, కానీ దుప్పటి అంచు పట్టుకుని మెలిపెడుతూనే ఉండేది. మత్తు డాక్టర్ వచ్చి భయంగా ఉందా అమ్మా అంటే లేదండి అనేసింది, నేను పక్కనే ఉండి కూడా నోరు తెరవలేదు. కుట్లు మానాయి, ఎక్స్‌రే బాగుంది, నొప్పి మాత్రం ఐదో నెలకి కూడా అలానే ఉంది. అది భయం వల్లే వచ్చిందని నేను చెప్పలేను గానీ, భయాన్ని దాచుకోవడం వల్ల ఆమెకి ఏ మేలూ జరగలేదు, అందుకే ఇది రాస్తున్నా.

ఆపరేషన్ అయ్యి 3 నెలలు దాటినా నొప్పి ఉంటే దాన్ని డాక్టర్లు విడిగా ఒక సమస్యగానే చూస్తారు. మోకాలి మార్పిడి అయినవాళ్లలో సుమారు 5గురిలో ఒకరికి ఇది ఉంటుంది. ముందు నుంచే ఉన్న నొప్పి, కోతలో నరం దెబ్బతినడం, మొదటి రోజుల్లో నొప్పి బాగా ఎక్కువగా ఉండటం, వీటితో పాటు ఆపరేషన్ ముందు ఆందోళన కూడా రిస్క్ పెంచే వాటిల్లో ఒకటి. మెదడు నుంచి వెన్నుపాముకి నొప్పిని తగ్గించే ఒక బ్రేక్ లాంటిది ఉంటుంది, భయం, నిద్రలేమి ఉన్నప్పుడు అది సరిగ్గా పనిచేయదు, పైగా ధ్యాసంతా గాయం మీదే ఉంటుంది, కదిలితే ఏమవుతుందో అని కదలకుండా ఉంటే కీళ్లు బిగుసుకుపోతాయి. అంటే నొప్పి ఉత్తుత్తిదని కాదు, నూటికి నూరుపాళ్లు నిజమైన నొప్పే.

మొదట చేయాల్సింది దేనికి భయమో విడగొట్టి చూస్కోవడం. మత్తులోంచి లేవనేమో అనా, మధ్యలో మెలకువ వస్తుందనా, నొప్పి తట్టుకోలేననా, మంచాన పడి ఇంట్లోవాళ్లకి భారం అవుతాననా? ఒక్కోదానికి ఒక్కో జవాబు ఉంటుంది, అన్నీ కలిపి "టెన్షన్" అంటే డాక్టర్ కూడా ఏం చెప్పలేరు. కాగితం మీద రాసి మత్తు డాక్టర్ చేతిలో పెట్టేయండి, నోటితో చెప్పడం కష్టమైతే ఇంకా మంచిది. అన్నీ తెలుసుకుంటే కుదుటపడేవాళ్లు ఉంటారు, వింటే ఇంకా వణికేవాళ్లూ ఉంటారు, మీరు ఏ రకమో అదీ చెప్పండి.

తర్వాత నొప్పి గురించి సూటిగా అడగండి: లేచాక ఎక్కడ నొప్పి ఉంటుంది, ఎన్ని రోజులు, మందు ఎప్పుడెప్పుడు ఇస్తారు, రాత్రి ఎక్కువైతే ఎవర్ని పిలవాలి, నరానికి మత్తు ఇచ్చే వీలుందా. 1964లో అమెరికాలో 97 మంది పేషెంట్ల మీద ఒక స్టడీ చేశారు, కడుపు ఆపరేషన్‌కి ముందే కొందరికి నొప్పి ఎలా ఉంటుందో చెప్పి ఒళ్లు ఎలా వదులు చేస్కోవాలో నేర్పితే, వాళ్లకి మార్ఫిన్ లాంటి నొప్పి తగ్గించే ఇంజక్షన్లు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగమే పట్టాయి. మాటలతోనే అంత తేడా!

ఇంట్లో ప్రాక్టీస్ కూడా ముందే మొదలెట్టండి. ముక్కుతో 4 అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, 6 అంకెలు మెల్లగా వదలాలి, రోజూ కాసేపు. స్ట్రెచర్ మీద పడుకున్నాక కొత్తగా నేర్చుకోవడం అవ్వదు. కడుపు ఆపరేషన్ అయితే పక్కకి తిరిగి మోచేత్తో నెట్టుకుంటూ లేవడం, దగ్గొస్తే దిండు గట్టిగా అదుముకోవడం అలవాటు చేస్కోండి. నిద్ర మాత్రలు, టెన్షన్ మాత్రలు మాత్రం సొంతంగా మొదలెట్టొద్దు, వాడుతుంటే సొంతంగా ఆపొద్దు, డాక్టర్‌కి చెప్పండి.

ఆపరేషన్ అయ్యాక ఓర్చుకోవడం గొప్ప కాదు. నొప్పి ముదరకముందే చెప్పాలి, దగ్గలేకపోతున్నా, అడుగు వేయలేకపోతున్నా అని చెప్తే నర్సుకి ఇంకా బాగా అర్థమవుతుంది. జ్వరం, చీము, పిక్క వాపు, ఊపిరి ఆడకపోవడం లాంటివి కనిపిస్తే టెన్షన్ అనుకుని ఊరుకోకుండా వెంటనే చూపించండి.

3 నెలలకీ తగ్గకపోతే పెయిన్ స్పెషలిస్ట్ దగ్గరికి పంపమని అడగండి, మంట, షాక్ కొట్టినట్టు ఉండటం, బట్ట తగిలినా భరించలేకపోవడం ఉంటే ఆ మాటల్లోనే చెప్పండి, ఎందుకంటే అవి నరం నొప్పి గుర్తులు, దానికి మందులే వేరు. అమ్మ అప్పటిదాకా "నొప్పి" అని మాత్రమే చెప్పేది. దుప్పటి తగిలినా మంట అని ఆరో నెలలో చెప్పాకే మందు మార్చారు.