చదవడం ఆగిపోయిందా? నెల రోజుల్లో మళ్లీ పుస్తకం పట్టడం ఎలా?

పుస్తకం తెరుస్తారు. రెండు పేజీలు బాగానే సాగుతాయి. మూడో పేజీలో కళ్లు అక్షరాల మీద నడుస్తూనే ఉంటాయి గానీ బుర్రకేమీ ఎక్కదు. మళ్లీ వెనక్కి వెళ్తారు. నాలుగు రోజులు ఇలా అయ్యాక ఆ పుస్తకం టీపాయ్ మీద నుంచి అల్మరాలోకి చేరుతుంది, చెయ్యి ఫోన్ మీదకు పోతుంది. ఏళ్ల తరబడి చదివినవాళ్లకు కూడా ఈ రీడింగ్ స్లంప్ వస్తుంది.

దీనికి చాలామంది చేసుకునే వైద్యం మాత్రం తలకిందులుగా ఉంటుంది. ఈ ఏడాది యాభై పుస్తకాలు చదవాలని డైరీలో రాసుకుంటారు. బుక్ ఫెయిర్‌లో కొన్నవాటిలో అన్నిటికంటే లావుపాటిదాన్ని పట్టుకుంటారు. పది రోజులకే లెక్కా పుస్తకమూ రెండూ అటకెక్కుతాయి. చదవడం ఆగినవాళ్లకు ముందు కావాల్సింది, చివరి పేజీ దాకా వెళ్లిన పుస్తకం ఒకటి. ఈ నెల రోజుల పద్ధతి అందుకే.

ముందుగా సర్దుకోవాల్సినవి

ఎక్కడో మధ్యలో ఆగిపోయిన పుస్తకం ఉంటుంది కదా, ముందు దాన్ని కళ్లెదుట నుంచి తీసేయండి. ఏ పేజీలో ఆగారో, అప్పటికి కథలో ఏం జరుగుతోందో ఒక చీటీ మీద రెండు వాక్యాలు రాసి అందులోనే పెట్టండి. తలగడ పక్కన ఉంచుకోవద్దు. అది కనిపించినంతకాలం ఇంకో పుస్తకం తెరిచినప్పుడల్లా బాకీ గుర్తొస్తుంది.

తర్వాత నాలుగు పుస్తకాలు బయట పెట్టుకోండి: ఒకే రచయిత చిన్న కథల సంపుటి, వంద పేజీలకు అటూ ఇటుగా ఉండే నవల, రెండు మూడు వందల పేజీల నవల, ఇదివరకే చదివి ఇష్టపడ్డది ఒకటి. ఐదోది వద్దు.

ప్రింటు చూసి తీసుకోండి. చాలామంది ఈ సంగతి పట్టించుకోరు. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియకుండా అలికేసినట్టున్న ప్రింటు, వత్తులు కింది వరుసకు తగులుతున్నంత ఇరుకు అచ్చు, ఇవి కళ్లను పది నిమిషాల్లో అలసిపోయేలా చేస్తాయి. ఆ అలసటను మనం విసుగనుకుని తప్పు కథ మీదకు నెడతాం. అదే పుస్తకానికి కొత్త ముద్రణ దొరికితే అదే కొనండి.

ఫోన్‌లో స్కాన్ చేసిన పీడీఎఫ్ ఈ నెలకు పనికిరాదు. డెమీ సైజు పేజీ, అంటే మన నవలలు మామూలుగా అచ్చయ్యే సైజు, ఫోన్ తెరలో పట్టదు. ప్రతి వరుసకూ వేళ్లతో పెద్దది చేసుకుని పక్కకు జరపాలి, ఈలోగా పైన ఏదో మెసేజ్ వచ్చి పడుతుంది. విదేశాల్లో ఉండి పుస్తకం దొరకనివాళ్లు అక్షరం సైజు పెంచుకోగలిగే ఈబుక్ తీసుకుని, టాబ్లెట్‌లో నెట్ ఆపేసి చదవండి.

ఇవి కాక ఒక పెన్సిలు, పోస్టుకార్డంత అట్టముక్క. పెన్ను వద్దు. ఫోన్ పక్క గదిలో ఉండాలి.

మొదటి వారం: రోజుకో కథ

ఇది సులువు. పొద్దున లేచాక ఫోన్ ముట్టుకోకముందే ఒక కథ చదవండి. రాత్రి పడుకునే ముందు చదవడం వద్దు. అప్పటికి మిగిలేది రోజంతా అలసిన బుర్ర. ఇంకో కథ చదవాలనిపిస్తే చదవండి, లేకపోతే మూసేయండి. పేజీలు లెక్కపెట్టొద్దు, మొదలుపెట్టిన కథ ముగిసిందా లేదా అన్నదొక్కటే చూడండి.

సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ దీనికి చక్కగా సరిపోతుంది. వంద కథలు, చాలావరకు మూడు నాలుగు పేజీలవే. ఊరు ఒకటే, కృష్ణ ఒడ్డు ఒకటే, బాపు బొమ్మలు తోడు. ఏ కథ నుంచైనా మొదలుపెట్టొచ్చు. నవ్వుతూ చదవాలనుకుంటే సోమరాజు సుశీల ‘ఇల్లేరమ్మ కతలు’, చిత్తూరు మాట చెవికి ఇంపుగా ఉండేవాళ్లకు నామిని ‘సినబ్బ కతలు’ పెట్టుకోవచ్చు.

ఉత్తమ కథల సంకలనాల జోలికి మాత్రం ఇప్పుడు పోవద్దు. అవి మంచివే. కానీ కథకో రచయిత ఉంటాడు, కథకో ఊరూ కథకో యాసా ఉంటాయి. ప్రతి కథకూ మొదటి పేజీలో కొత్తగా అలవాటుపడాలి. చదవడం ఆగినవాళ్లకు సరిగ్గా ఆ మొదటి పేజీ దగ్గరే కష్టం. ఒకే రచయితైతే మూడో రోజుకు ఆ గొంతు తెలిసిపోతుంది, నాలుగో రోజు కథ ఎత్తుకోవడం తోనే లోపలికి వెళ్లిపోతారు.

ఎనిమిదో రోజు నుంచి: చిన్న నవల

కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ లాంటిది తీసుకోండి. ఒక ముసలివాడు, తప్పిపోయిన పంది, అడవి, ఒక్క రాత్రి. గుర్తుపెట్టుకోవాల్సిన చుట్టరికాలేవీ లేవు. రెండు మూడు పూటల్లో అయిపోతుంది. పేరుకు నవలే అయినా, చదివే తీరులో ఇది పెద్ద కథ. ఇక్కడిదాకా దాదాపు అందరూ వస్తారు.

పెద్ద నవలకు దాటడం: ఇక్కడే జాగ్రత్త

రెండో వారం ముగిసేసరికి ఉత్సాహం వస్తుంది. ఆ ఊపులో ఆఫీసు నుంచి వచ్చిన ఒక సాయంత్రం మూడు వందల పేజీల నవల తెరుస్తారు. మళ్లీ పడిపోయేది ఇక్కడే.

కథలో పది నిమిషాలకోసారి ముగింపు దొరుకుతుంది. నవల మొదటి నలభై పేజీల్లో అలాంటిదేమీ ఉండదు. ఎవరెవరు, ఎవరికెవరు ఏమవుతారు, ఏ ఊరు, ఎవరికి ఎవరి మీద కోపం, ఇవన్నీ మనమే మోయాలి. సోమవారం ఎనిమిది పేజీలు చదువుతారు, మంగళవారం కుదరదు, బుధవారం ఆరు చదువుతారు. గురువారం పుస్తకం తెరిస్తే ఒక పేరు కనిపిస్తుంది, అతనెవరో గుర్తుండదు. వెనక్కి తిప్పుతారు. శనివారానికి అవే పద్నాలుగు పేజీలు రెండుసార్లు చదివి ఉంటారు. అప్పుడు పుట్టే విసుగుకు కారణం ఆ పుస్తకం కాదు, చదివిందే మళ్లీ చదవడం. ఆ తేడా తెలియక ‘ఈ నవల నాకు నచ్చలేదు’ అని కొందరు, ‘నాకిక చదవడం పట్టుబడదు’ అని కొందరు తేల్చేసుకుంటారు.

అందుకని మొదటి నలభై పేజీలు ఒకే పూట చదవాలి. ఇందులో రాజీ లేదు. మామూలు వేగంతో చదివేవాళ్లకు డెమీ సైజు పేజీకి రెండు నిమిషాలు పడుతుందనుకుంటే ఎనభై నిమిషాలు, మధ్యలో లేచి నిలబడటానికి ఓ పది నిమిషాలు. అంటే గంటన్నర. సెలవు రోజు పొద్దున్నే పెట్టుకోండి, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. ఇరవయ్యో పేజీ దగ్గర లేచి మంచినీళ్లు తాగండి, ఫోన్ చూడొద్దు. ఈ ఆదివారం గంటన్నర దొరకదని తెలిస్తే నవల మొదలుపెట్టొద్దు. వచ్చే ఆదివారం దాకా కథలే చదవండి. వారం ఆలస్యమైతే నష్టమేమీ లేదు, ముక్కలుగా మొదలుపెడితే మాత్రం నవల చేజారిపోతుంది.

ముందుమాటలు దాటేయండి. మన పుస్తకాల్లో ఒక్కోసారి రెండు మూడు ముందుమాటలుంటాయి. వాటిలో ఎవరో ఒకరు కథంతా చెప్పేస్తారు, ఇంకొకరు ఆ నవలను ఎంత గౌరవంగా చదవాలో చెప్తారు. రెండూ ఇప్పుడు మీకు అడ్డమే. నవల పూర్తయ్యాక చదివితే అవే ముందుమాటలు ఎంతో బాగుంటాయి.

అట్టముక్క ఇప్పుడు తీయండి. దాని మీద మనుషుల పేర్లు రాసుకోవాలి, అయితే పేరు మొదటిసారి రాగానే రాయొద్దు. మొదటి పేజీల్లో వచ్చేవాళ్లలో దారిన పోయేవాళ్లు చాలామంది. రెండోసారి వచ్చినప్పుడు రాయండి, పేరు పక్కన మూడు నాలుగు మాటలకు మించొద్దు. ఉదాహరణకు డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ చదువుతుంటే ‘ఇందిర: ఉద్యోగం, తండ్రి భారం’, ‘ప్రకాశం: మెడిసిన్ విద్యార్థి’, ‘కృష్ణమూర్తి: ప్రకాశం స్నేహితుడు’ అంతే. వాళ్లు మంచివాళ్లా చెడ్డవాళ్లా అన్నది రాయొద్దు. ఇందిర గురించి మొదట ఏర్పరుచుకున్న అభిప్రాయం ఆ నవలలో చివరిదాకా నిలబడదు, నిలబడకపోవడమే అందులో గొప్ప. ఈ అట్టే పేజీ గుర్తు కూడా. పుస్తకం తెరవగానే ముందు కళ్లపడేది పేర్లే కాబట్టి వెనక్కి తిప్పే పని ఉండదు.

ఆపేచోటు కూడా ముఖ్యం. అధ్యాయం చివర ఆపొద్దు. అధ్యాయం ముగిస్తే మనసు కూడా ముగించేస్తుంది, మర్నాడు మళ్లీ కొత్తగా ఎక్కాలి. ఇద్దరు మాట్లాడుకుంటుండగా ఆపండి, ఎవరో తలుపు తట్టగానే ఆపండి. ఆ వరుస పక్కన పెన్సిలుతో చుక్క పెట్టండి. మర్నాడు ఆ చుక్కకు ఒక్క పేరా ముందు నుంచి ఎత్తుకోవాలి, పేజీ ముందు నుంచి కాదు. పేజీ అంటే నెమ్మదిగా రెండు పేజీలవుతుంది, తర్వాత అధ్యాయమవుతుంది.

ఆ ఆదివారం తర్వాత మూడు రోజులు ఎడం రానివ్వొద్దు. రోజుకు పదిహేను పేజీలు, అంటే అరగంట. జ్వరమొచ్చినా ఐదు. ఆ మూడు రోజులు గడిస్తే ఎనభై, తొంభై పేజీల్లో ఉంటారు. అక్కడి నుంచి నవలే మిమ్మల్ని లాక్కుపోతుంది. ఇక పేజీల లెక్క మానేయండి.

తెలియని మాట వస్తే నిఘంటువు తీయొద్దు. ఉత్తరాంధ్రవాళ్లకు రాయలసీమ మాట, తెలంగాణవాళ్లకు కోనసీమ మాట కొత్తగా ఉండటం మామూలే. కింద గీత గీసి ముందుకు పొండి. రెండోసారో మూడోసారో అదే మాట వచ్చినప్పుడు సందర్భమే అర్థం చెప్తుంది. యాస మరీ అడ్డుపడుతుంటే ఒక పేజీ సంభాషణ పైకి చదవండి. కంటికి పట్టని యాస చెవికి వెంటనే పడుతుంది. ఉత్తరాంధ్ర యాసలో రాసిన రావిశాస్త్రిని చదవలేకపోతున్నామనేవాళ్లలో చాలామంది ఆయన్ను ఒక్కసారీ పైకి చదివి ఉండరు.

ఆడియో పుస్తకాలు వినొచ్చు కదా అని అడుగుతారు. నడిచేటప్పుడు, వంట చేసేటప్పుడు వినండి, మంచిదే. ఈ నెల మాత్రం దాన్ని చదవడం కింద లెక్కేయొద్దు. మనసు పక్కకు పోయినప్పుడు చదివేవాళ్లు వదిలేసిన వరుసకు వెంటనే తిరిగి రాగలరు, వినేవాళ్లకు గొంతు ఆగకుండా ముందుకు పోతుంది. చెదిరిన దృష్టిని మళ్లీ వరుస మీదకు తెచ్చుకోవడమే ఈ నెలలో మనం నేర్చుకునేది.

అన్నీ సరిగ్గా చేసినా నలభయ్యో పేజీ దగ్గర ఇంకా ఎన్ని పేజీలున్నాయోనని చివరికి తిప్పి చూస్తున్నారంటే ఆ నవల ఇప్పుడు మీకు కాదు. మొహమాటం లేకుండా మార్చేయండి, అయితే ఒక్కసారే. రెండో నవల కూడా నలభై దగ్గర ఆగితే మూడోది వెతకొద్దు. ఇంకో వంద పేజీల నవల చదివి, ఆ తర్వాతి ఆదివారం మళ్లీ రండి.

చదివిన పుస్తకం దేనికి?

ఏ పుస్తకమూ పట్టని రోజులకు. ఆఫీసులో ఆలస్యమైంది, ఇంటికి చుట్టాలొచ్చారు, తలనొప్పి. ఆ రోజు కొత్త పేజీ చదవకండి. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టరు పార్వతీశం’ మొదటి భాగం లాంటిది ఎక్కడో ఒకచోట తెరిచి పది నిమిషాలు చదవండి. మొగల్తూరు నుంచి బయలుదేరిన పార్వతీశానికి తర్వాత ఏమవుతుందో మీకు తెలుసు కాబట్టి బుర్రకు శ్రమ లేదు. ఆ రోజు పుస్తకం చేతిలో ఉంది, అంతవరకు చాలు.

నాలుగో వారం: ఆగిపోయిన పుస్తకం

నవల పూర్తయ్యాకే దాన్ని బయటికి తీయండి. చీటీలోని రెండు వాక్యాలు చదవండి. మొదటి పేజీకి వెళ్లొద్దు, ఆగిన అధ్యాయం మొదలు నుంచి ఇరవై పేజీలు చదవండి. సాగితే కొనసాగించండి. సాగకపోతే చదివే ఇంకొకరికి ఇవ్వండి, లేదా ఊళ్లో గ్రంథాలయానికి ఇచ్చేయండి. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ లాంటివి మాత్రం ఇచ్చేయకుండా దాచండి. కథానాయకుడు దయానిధి లోపలి ఆలోచనలతో నడిచే ఆ నవలకు నిలకడైన మనసు కావాలి, అది ఆర్నెల్లకు రావచ్చు. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ అంత పెద్దదైతే ఈ నెలలో ముట్టుకోవద్దు. అది ఒక్కటే పెట్టుకుని రెండు మూడు నెలలు చదవాల్సిన పుస్తకం.

మధ్యలో రోజులు తప్పితే ఏం చేయాలన్నది చాలామంది సందేహం. ఒక రోజు తప్పితే ఏమీ చేయనక్కర్లేదు, చుక్క దగ్గర నుంచి సాగండి. రెండు మూడు రోజులు తప్పితే ముందు ఒక చిన్న కథ చదివి, ఆ వెంటనే నవల తీయండి. అంతకంటే ఎక్కువైతే అట్ట మీది పేర్లు చూసుకుని, చివరగా చదివిన పది పేజీలు తిరగేసి, ఆ రోజు ముప్ఫై పేజీలకు తగ్గకుండా చదవండి. మొదటికి మాత్రం వెళ్లకండి.

నవల పూర్తయిన రోజు ఇంకో పని ఉంది. మంచి నవల ముగిశాక రెండు మూడు రోజులు ఇంకేదీ చదవబుద్ధి కాదు. ఆ రెండు రోజులే నెలలవుతాయి. అందుకని చివరి పేజీ మూసిన పూటే కథల సంపుటి తెరిచి, మర్నాడు పొద్దున చదవాల్సిన కథ దగ్గర అట్టముక్క పెట్టి పడుకోండి.