గోల్ఫ్ ఊపు చేతుల్లో మొదలుకాకూడదు

గోల్ఫ్ క్లబ్బును, అంటే బంతిని కొట్టే కర్రను, పైకి ఎత్తిన తరువాత బంతి మీదికి దించే ఊపును చేతులతోనే మొదలుపెట్టడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. కుడిచేతి వాటం గలవారు ముందుగా బరువును ఎడమ పాదం మీదికి మార్చి, ఆ వెంటనే నడుమును లక్ష్యం వైపు తిప్పితే, దాని వెనుక ఛాతీ, తరువాత చేతులు, చిట్టచివర క్లబ్బు తల వరుసగా వేగం అందుకుంటాయి. ఒక్కొక్క భాగం నెమ్మదిస్తూ తన వేగాన్ని తరువాతి దానికి అప్పగించడమే ఇందులోని కిటుకు. గోదావరి కాలువ గట్టున విసురువల వేసే జాలరిని గమనించండి: కాలు, నడుము కదిలాకే చేయి కదులుతుంది, ఉత్త చేతులతో విసిరిన వల విచ్చుకోకుండా ముద్దగా పడుతుంది. గోల్ఫ్‌లో భుజాలు తొందరపడితే క్లబ్బు బయటి నుంచి లోపలికి, అంటే బంతికి అవతలి వైపు నుంచి మన ఒంటి వైపుకు, కోసుకుంటూ వచ్చి, బంతి చాలాసార్లు కుడివైపు వంగిపోతుంది.

ఈ దిగే ఊపు దాదాపు పావు సెకనులో ముగుస్తుంది కనుక వరుసను ఆలోచిస్తూ పాటించడం కుదరదు. కోనసీమలోని మా కొబ్బరితోటలో నేను బంతి లేకుండానే సాధన చేస్తాను. పాదాలు రెండూ దగ్గరగా పెట్టి క్లబ్బును ఎత్తుతూ, అది పైకి చేరకముందే ఎడమ కాలితో లక్ష్యం వైపు అడుగు వేసి, ఆ పాదం నేలకు ఆనిన తరువాతే క్లబ్బును దించాలి. రాలిన మట్టలను ముందే పక్కకు లాగేయండి.