వయోజనులతో చదివించడం – 4వ పాఠం: ఒత్తు దగ్గర ఆగిపోయే చదువు

గుణింతం పూర్తయి, పొల్లు కూడా పట్టుబడిన విద్యార్థి గుంటూరు, తెనాలి, మంగళగిరి అన్న బస్సు బోర్డులను తడుముకోకుండా చదువుతారు. సత్తెనపల్లి దగ్గర మాత్రం ఆగిపోతారు, లేదా ‘సతెతనపలిల’ అంటారు. దీన్ని మతిమరుపుగానో, వయసు మీద పడ్డాక చదువు అబ్బకపోవడంగానో తీసుకోకూడదు. ఆయన తన కంటికి కనిపించిన వరుసలోనే పలికారు: ముందు ల, దాని మీద గుడి, తర్వాత కింద ఒత్తు. నోటికి కావలసిన వరుస వేరు. ల, దాని ఒత్తు, ఆ తర్వాతే గుడి. పైన కూర్చున్న గుడి నిజానికి కింది ఒత్తుకు చెందుతుందన్న సంగతి చిన్ననాడే బడికి వెళ్లిన మనకు తెలియకుండానే అలవడింది కనుక, దాన్ని విడిగా చెప్పాలన్న ఆలోచన చాలామందికి రాదు.

పాఠం మొదలుపెట్టే ముందు, విద్యార్థి నలభై దాటినవారైతే చత్వారం ఉందేమో పరీక్ష చేయించండి. ఒత్తు అసలే చిన్నది. అది మసకగా కనిపిస్తున్నప్పుడు ఎంత ఓపికగా చెప్పినా వృథా.

మొదట గుణింతం కలవని ఒత్తులతో ప్రారంభించండి. అమ్మ, అక్క, అన్న, అత్తయ్య: మన వరసల్లో చాలా వాటికి ఒత్తులున్నాయి, పైగా ఇవి వారి నోట నిత్యం ఆడే మాటలు. తర్వాత గన్నవరం, జగ్గయ్యపేట, మాచర్ల, బాపట్ల. గ, ద, ప వంటి వాటి ఒత్తులు తలకట్టు లేని చిన్న అక్షరాల్లాగే ఉంటాయి. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలిక కనిపించదు కనుక వాటిని ఒక్కొక్కటిగా, రాయిస్తూ నేర్పాలి.

అసలు మెలిక గుడి దగ్గరే. కాగితం మీద ‘పల్’ అని, పక్కనే ‘లి’ అని విడిగా రాసి చదివించండి. పొల్లు వచ్చినవారికి ఇది కష్టం కాదు. ఇప్పుడు రెండో లకారాన్ని ఒత్తుగా మార్చి మొదటి దాని కిందికి దించుతూ, దాని గుడిని మాత్రం పైకి చేర్చి, ‘పల్లి’ అని వారి కళ్ల ముందే రాయండి. అదే పనిని విద్యార్థి చేత తాడేపల్లికి, రేపల్లెకు, పొన్నూరుకు, ఉయ్యూరుకు చేయించండి. చూసి చదవడం కంటే ఇలా విడదీసి కలపడమే ఎక్కువ ఫలితమిస్తుందని నా అభిప్రాయం.

చదువు రానివారు ఇన్నాళ్లూ మొదటి అక్షరం చూసి, తక్కినది ఊహించి నెట్టుకొచ్చి ఉంటారు. ఆ నేర్పును చిన్నచూపు చూడవద్దు, కానీ దానికి హద్దు చూపించండి: సత్తెనపల్లి, సత్తుపల్లి రెండింటినీ పక్కపక్కన రాస్తే చాలు. మొదటిది పల్నాడు జిల్లాలో ఉంది, రెండోది ఖమ్మం జిల్లాలో. తేడా ఎక్కడుందో ఆయననే వేలు పెట్టి చూపమనండి. మీరు అందించకుండా కాసేపు ఆగండి. పక్కన మనవలు ఉంటే, వాళ్లు ముందే చెప్పేయకుండా ఆ సమయానికి బయటికి పంపడం మంచిది.

అభ్యాసంగా, ఈ వారం విజయవాడ బస్టాండుకు వెళ్లే పని పడితే ఒత్తులున్న ఊరి పేర్లను చూసి రాసుకు రమ్మనండి. అందులో మచిలీపట్నం ఉంటే, టకారం కింది నకారాన్ని విడదీసి రాయించండి. కృష్ణలంక ఎదురైతే దాన్ని పక్కన పెట్టండి. వట్రుసుడికీ ర ఒత్తుకూ ఉన్న తేడా 5వ పాఠంలో వస్తుంది.