గుండె దడకు మందులు వాడుతున్నవారు గర్భం దాల్చేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు

గుండె లయ తప్పుతున్నందుకు మందు వాడుతున్న స్త్రీకి నెల తప్పిందని తెలియగానే, బిడ్డకేమవుతుందోనన్న భయంతో ఇంట్లోవాళ్లు మాత్రలు ఆ రోజే మాన్పించేస్తారు, లేదా డాక్టరు రాసినవే కదా అని నెలల తరబడి అలాగే వేయిస్తారు. రెండూ ప్రమాదమే. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలను ఉన్నట్టుండి ఆపితే దడ మరింత ఉధృతంగా తిరగబెట్టవచ్చు. అప్పుడు తల్లి రక్తపోటు పడిపోతే మాయ ద్వారా బిడ్డకు చేరే రక్తమూ తగ్గిపోతుంది.

కాబట్టి ముందుగా మందు పేరు తెలుసుకోండి. మన విశాఖలో వీధి చివరి మందుల దుకాణంలో పది మాత్రలడిగితే స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించి ఇస్తారు, పేరున్న ముక్క ఒక్కోసారి దుకాణంలోనే ఉండిపోతుంది. పూర్తి స్ట్రిప్పు అడిగి తీసుకుని, కంపెనీ పెట్టిన పేరు దగ్గరే ఉండే అసలు మందు పేరును రాసుకుని, పాత ఈసీజీ, ఎకో రిపోర్టులతో సహా గుండె డాక్టరుకూ, కాన్పుల డాక్టరుకూ ఇద్దరికీ చూపించండి. విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో ఈ రెండు విభాగాలూ ఉన్నాయి.

ఆ పేరు అమియోడరాన్ అయితే మరింత జాగ్రత్త అవసరం. దాని బరువులో మూడో వంతుకు పైగా అయోడినే ఉంటుంది. అది మాయను దాటి బిడ్డ థైరాయిడ్ గ్రంథి పనిని మందగింపజేయగలదు. పైగా ఈ మందు శరీరంలోని కొవ్వులో పేరుకుని, ఆపిన తరువాత కూడా వారాలు, నెలల పాటు నిలిచి ఉంటుంది కనుక, గర్భ పరీక్షలో రెండు గీతలు కనిపించాక ఆపినా అప్పటికే ఆలస్యమవుతుంది. బిడ్డ కావాలనుకున్నప్పుడే, కొన్ని నెలల ముందుగా, డాక్టరుతో మాట్లాడాలి. వేరే ఏ మందుకూ లొంగని ప్రాణాంతకమైన దడ ఉన్నప్పుడు మాత్రమే వైద్యులు దీనిని కొనసాగిస్తారు.

బీటా బ్లాకర్లలో ఒకటైన అటెనొలాల్ వల్ల బిడ్డ బరువు తగ్గే అవకాశముంది. దాని బదులు సాధారణంగా మెటోప్రొలాల్ వంటివి రాసి, ఎదుగుదలను స్కానింగులలో గమనిస్తారు. డిగాక్సిన్ గర్భిణులకు ఎంతో కాలంగా ఇస్తున్న మందే. దడతోపాటు రక్తం పలచబడేందుకు ఇచ్చే వార్ఫరిన్ కూడా వాడుతుంటే నెల తప్పిన రోజే డాక్టరుకు చెప్పండి, ఎందుకంటే 6 నుంచి 12 వారాల మధ్య అది బిడ్డ ఎముకల, ముఖం ఏర్పాటును దెబ్బతీయవచ్చు.

సీమంతం అయ్యాక శ్రీకాకుళం వైపో, విజయనగరం వైపో పుట్టింటికి వెళ్లేవారు ఫైలునూ స్ట్రిప్పునూ వెంట తీసుకెళ్లాలి. తరచుగా మరిచిపోయే జాగ్రత్త ఇదేనని నా అభిప్రాయం. దడతోపాటు ఆయాసం, ఛాతీనొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి. దడ తగ్గడానికి ఆసుపత్రిలో ఇచ్చే అడెనొసిన్ ఇంజెక్షన్ ప్రభావం కొన్ని సెకన్లలోనే రక్తంలో తగ్గిపోతుంది, అవసరమైతే గుండె లయను సరిచేసే కరెంటు షాకు కూడా గర్భిణికి ఇవ్వవచ్చు. వాటికి భయపడి వద్దనకండి.

బీటా బ్లాకర్ వాడిన తల్లికి పుట్టిన బిడ్డ రక్తంలో చక్కెర, గుండె వేగం పడిపోకుండా తొలి ఒకటి రెండు రోజులు చూస్తుండాలి కనుక, ఆ మందు పేరు పిల్లల డాక్టరుకు కాన్పు గదిలోనే చెప్పండి.