దసరా సేల్లో ఫోన్ కొంటున్నారా? సీలు కోసే ముందు ఒక్క నిమిషం

పోయిన దీపావళికి మా బావమరిది అమీర్‌పేటలో ఒక షాపులో ఇరవై మూడు వేలు పెట్టి ఫోన్ కొన్నాడు. సీలు డబ్బా, కొత్త కవరు, పైన గ్లాసు కూడా ఉచితంగా వేసిచ్చారు. రాత్రి ఇంటికొచ్చి అందరికీ చూపిస్తుంటే మా ఆవిడ దాన్ని తిరగేసి, చార్జర్ గుచ్చే రంధ్రంలోకి తొంగి చూసింది. అందులో ఏదో ఇరుక్కుని ఉంది. పుల్లతో మెల్లగా లాగితే చిన్న నీలం నూలు ఉండ వచ్చింది, జీన్స్ జేబు అడుగున పోగయ్యే రకం. "ఎవరి జేబులో తిరిగొచ్చిందిరా ఇది?" అంది తమ్ముడితో.

కంపెనీ వెబ్‌సైట్లో డబ్బా మీదున్న నంబరు కొట్టి చూస్తే వారంటీ అప్పటికి నాలుగు నెలల కిందటే మొదలైంది. మర్నాడు పొద్దున్నే ఇద్దరం షాపుకెళ్లాం. "ఏం గాదన్నా, మేమే ఆన్ చేసి చెక్ చేసినం, తీస్కపో" అన్నాడు కౌంటర్ మీదున్నాయన. గట్టిగా అడిగేసరికి అసలు మాట బయటికొచ్చింది. "మీ తమ్ముడు సిమ్ గూడ ఏసిండు గదన్నా. ఇప్పుడది వాడిన ఫోన్. వాపస్ ఎట్ల తీస్కుంటం?"

అంటే వాళ్లు వాడిన నాలుగు నెలలు లెక్కలోకి రావు, మావాడు వాడిన నాలుగు గంటలే లెక్క. నాకు కోపం వచ్చిన మాట నిజమేగానీ, సిమ్ వేసే ముందే చూసుకుని ఉంటే ఆయనకి ఆ మాట అనే వీలే ఉండేది కాదు. అందుకే చూడాల్సినవన్నీ సిమ్ వేయక ముందు, మన జీమెయిల్ పెట్టక ముందు చూసేయాలి. మళ్లీ బతుకమ్మ నుంచి దీపావళి దాకా షాపుల్లో కాలు పెట్టే సందుండదు, ఆన్‌లైన్ సేల్స్ వరసగా వస్తాయి. డెమోకి పెట్టినవీ, ఎవరో తిరిగిచ్చినవీ కొత్తవాటిలో కలిసిపోవడానికి అంతకంటే మంచి సీజన్ లేదు.

మొదట బిల్లు సంగతి. డబ్బులివ్వక ముందే "జీఎస్టీ బిల్లు ఇస్తారు కదా, దాని మీద ఐఎమ్‌ఈఐ నంబరు వేస్తారు కదా" అని అడగండి. ఐఎమ్‌ఈఐ అంటే ఒక్కో ఫోన్‌కీ విడిగా ఉండే 15 అంకెల గుర్తింపు నంబరు. కొత్త ఫోన్ అమ్మేవాడికి ఇందులో ఇబ్బందేమీ ఉండదు. "బిల్లు కావాలంటే 18 శాతం ఎక్స్‌ట్రా" అన్నారంటే అక్కడే ఆగిపోండి. డబ్బా మీద ముద్రించిన ఎంఆర్‌పీ అన్ని పన్నులూ కలిపిన ధర, దాని మీద మళ్లీ పన్ను వేయడానికి లేదు. ఎస్టిమేట్ అని రాసిన చిట్టీ బిల్లు కాదు. ఇక్కడి షాపు బిల్లులో జీఎస్టీ నంబరు 36తో మొదలవుతుంది, అది తెలంగాణ కోడ్. అనుమానం ఉంటే ఆ నంబరును జీఎస్టీ పోర్టల్లో కొట్టండి, వ్యాపారి పేరు అక్కడే కనిపిస్తుంది.

ఇక డబ్బా. సీలు ఉందని మురిసిపోకండి. ప్లాస్టిక్ కవరు చుట్టి వేడిగాలి కొడితే ఏ డబ్బాకైనా సీలు వస్తుంది. సీలు కంటే వెనకనున్న లేబుల్ ముఖ్యం. అందులో ఐఎమ్‌ఈఐ, సీరియల్ నంబరు, తయారైన లేదా దిగుమతైన నెల, సంవత్సరం ఉంటాయి. నెల పాతదైనంత మాత్రాన ఫోన్ వాడినది కాదు, గోడౌన్లో పడి ఉన్న స్టాకు కావచ్చు. తేలాల్సింది దాన్ని మొదటిసారి ఎప్పుడు ఆన్ చేశారన్నది. చాలా కంపెనీల ఫోన్లు మొదటిసారి ఇంటర్నెట్‌కి తగిలినప్పుడు ఆ తేదీ కంపెనీ సర్వర్లో నమోదవుతుంది. ఐఫోన్ అయితే డబ్బా మీది సీరియల్ నంబరును యాపిల్ కవరేజ్ పేజీలో కొట్టండి, ఇంకా యాక్టివేట్ కాలేదని రావాలి. మిగతా వాటిలో వారంటీ చూసే పేజీ ఉన్న కంపెనీల దగ్గర అదే పని చేయవచ్చు. ఈ పనికి సీలు కోయనక్కర్లేదు, కౌంటర్ దగ్గరే నిలబడి మన పాత ఫోన్లో చూసేయొచ్చు. వెనక క్యూ గొణుగుతుంది, గొణగనివ్వండి.

ఒక్కటి మాత్రం న్యాయంగా చెప్పాలి. యాక్టివేషన్ తేదీ ఒకట్రెండు రోజులు ముందుందని గొడవకి దిగకండి, షాపువాళ్లు ఆ పొద్దునే ఆన్ చేసి చూసి ఉండొచ్చు. నెలలు తేడా వచ్చిందంటే మాత్రం ఏ కథా వినక్కర్లేదు.

సీలు కోసేటప్పుడు వీడియో తీయండి, మధ్యలో ఆపకుండా ఒకటే వీడియో. ముందు బిల్లు, తర్వాత లేబుల్, తర్వాత సీలు, తర్వాత లోపలి ఫోన్. ఇలా తీయాలని చట్టంలో లేదు, కానీ రేపు "ఇది మేమిచ్చిన ఫోనే కాదు" అంటే నోరు మూయించేది అదే. స్క్రీన్ మీది పల్చటి పొర కింద దుమ్ము రేణువులున్నాయా, స్పీకర్ జాలీలో మురికి ఉందా, సిమ్ ట్రే పిన్ను రంధ్రం చుట్టూ గీతలున్నాయా చూడండి. షాపులో వేసిచ్చే ఉచిత గ్లాసు వద్దనండి, వేస్తే ఇంట్లో వేసుకోవచ్చు. గీతలు కప్పేయడానికి దానికంటే మంచి మూత లేదు.

ఆన్ చేయగానే భాష ఎంచుకోమని అడగాలి. నేరుగా హోమ్ స్క్రీన్ వచ్చిందంటే ఎవరో ముందే లోపలికెళ్లి వచ్చారన్నమాట. డయలర్లో *#06# కొడితే వచ్చే ఐఎమ్‌ఈఐ, లేబుల్ మీదిది, బిల్లు మీదిది మూడూ ఒకటే ఉండాలి. ఐఫోన్ సెట్టింగ్స్‌లో మోడల్ నంబరు మొదటి అక్షరం ఎం అయితే కొత్తగా అమ్మకానికి తయారైంది, ఎఫ్ అయితే రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి మళ్లీ అమ్మేది), ఎన్ అయితే పాతదానికి బదులుగా ఇచ్చిన రీప్లేస్‌మెంట్ పీస్. ఐఫోన్ 15 నుంచి బ్యాటరీ ఎన్నిసార్లు చార్జింగ్ చక్రం తిరిగిందో కూడా చూపిస్తుంది. కొత్తదానిలో ఆ అంకె డజన్లలో ఉండకూడదు.

కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసి, ఖాళీ వదిలి, 15 అంకెల ఐఎమ్‌ఈఐ కలిపి 14422కి మెసేజ్ పంపితే టెలికాం శాఖ నుంచి ఫోన్ వివరాలు వస్తాయి. సంచార్ సాథీ పోర్టల్లోనూ ఇదే చూడొచ్చు. బ్లాక్‌లిస్ట్ అనో, డూప్లికేట్ అనో, ఇప్పటికే వాడుకలో ఉందనో వస్తే కొనవద్దు. అంతా బాగుందని వస్తే సంతోషమేగానీ, దాన్ని ఇంతకుముందు ఎవరూ ముట్టుకోలేదనడానికి అది రుజువు కాదు. చాలామంది ఈ మెసేజ్ చూసి ఊరుకుంటారు.

ఆన్‌లైన్లో అయితే ఓపెన్ బాక్స్ డెలివరీ (డబ్బా మన ముందే విప్పి చూపించి ఇచ్చేది) ఉన్నచోట అదే ఎంచుకోండి. డెలివరీ అబ్బాయికి తొందర ఉంటుంది, పాపం వాడి తప్పు కాదు, అయినా ఫోన్ చూసుకోకుండా ఓటీపీ చెప్పకండి. ఆర్డర్ చేసే ముందే కింద అమ్మేవారి పేరు, వాపసు గడువు చూసుకోవాలి. తేడా వస్తే యాప్‌లోనే ఫొటోలతో ఫిర్యాదు పెట్టండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోగా తేల్చాలి.

ఇన్ని చూసినా మోసపోయామని తర్వాత తెలిస్తే, ముందు ఫోన్ రీసెట్ చేయకండి, వాడకం ఆపేయండి. షాపువాడు "సర్వీస్ సెంటర్‌కి పోండి" అంటాడు. వెళ్లండి, కానీ రిపేరుకి కాదు. మొదటి యాక్టివేషన్ తేదీ రాసి జాబ్ షీట్ (ఫోన్ తీసుకున్నట్టు సర్వీస్ సెంటర్ రాసిచ్చే కాగితం) ఇమ్మని అడగండి. కంపెనీ కాగితం మీద ఆ తేదీ పడితే ఇక వాదన ఉండదు. వారంటీ అనేది ఫోన్లో లోపానికి సంబంధించింది. పాతదాన్ని కొత్తదని అమ్మడం మీకూ అమ్మినవాడికీ మధ్య వ్యవహారం, ఈ రెండూ కలిపేయనివ్వకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వాడిన, బాగుచేసిన సరుకును కొత్తదని చెప్పడాన్ని పేరు పెట్టి మరీ అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లో, తిరిగి తీసుకోనంటే అదీ అందులోకే వస్తుంది. గోడ మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" బోర్డు ఉన్నా సరే. తెలిసే రీఫర్బిష్డ్ ఫోన్ తక్కువ ధరకి కొనుక్కుంటే మాత్రం దాంట్లో మోసమేమీ లేదు, ఆ గొడవ వేరు.

మా సంగతికొస్తే, షాపుకి వాట్సాప్‌లో రాతపూర్వకంగా పంపాం. వాళ్లు చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. 1915కి ఫోన్ చేశాం. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, డబ్బులేమీ తీసుకోరు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, వచ్చింది. హెల్ప్‌లైన్ తీర్పు చెప్పదు, అవతలి వాళ్లతో మాట్లాడి కుదర్చడానికి చూస్తుంది. మూడో వారంలో షాపు నుంచే ఫోనొచ్చింది, కార్డుకి డబ్బులు తిరిగేశారు. అప్పటికి పండగ ఆఫరు అయిపోయి అదే ఫోన్ మూడు వేలు పెరిగింది. మావాడు అది అడగలేదు, అడగాల్సింది.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. షాపు ఎక్కడున్నా మీరు ఉండే ఊళ్లోనో, పనిచేసే చోటో వేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్ నుంచి ఇంట్లో కూర్చునే వేయొచ్చు. సరుకును ల్యాబ్‌లో పరీక్షించే అవసరం లేని కేసు మూడు నెలల్లో తేలాలని చట్టం చెబుతుంది, వాయిదాలు మాత్రం వాటి దారి వాటివి. కేసు వేయడానికి రెండేళ్ల గడువుంది. కాబట్టి బిల్లు ఫొటో తీసి మెయిల్లో పెట్టుకోండి, థర్మల్ కాగితం మీది అక్షరాలు కొన్నాళ్లకి వెలిసిపోతాయి. డబ్బా కూడా దాచండి. మా ఇంట్లో అటక మీదున్న ఖాళీ డబ్బాలన్నీ సంక్రాంతికి భోగిమంటలోకి వెళ్తాయి, ఈసారి ఫోన్ డబ్బాలు తీసి పక్కన పెట్టమని ఇప్పుడే చెప్పాను.