విమాన దూరం మీరే లెక్కగట్టండి – 4వ పాఠం: డిగ్రీల నుంచి గంటలకు

పోయిన పాఠంలో గ్లోబు మీద దారం లాగి పట్టుకుని దగ్గరి దారి చూశాం. ఇవాళ ఆ దారం పొడవును లెక్కతో రాబడదాం.

ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి లండన్‌లోని హీత్రూ విమానాశ్రయానికి వెళ్దాం. పెర్త్ అక్షాంశం −32, రేఖాంశం 116. హీత్రూకి 51.5, −0.5. దక్షిణానికి, పడమరకి మైనస్ పెట్టడం మరిచిపోకండి. తప్పులు ఎక్కువగా ఇక్కడే వస్తాయి.

రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి: −0.415. వాటి కొసైన్‌లను గుణించి, రేఖాంశాల తేడా 116.5 కొసైన్‌తో మళ్ళీ గుణించండి: −0.235. రెండూ కలిపితే −0.650. ఏ కోణానికి కొసైన్ ఇంత ఉంటుందో క్యాలిక్యులేటర్‌ని అడగండి: 130.5 డిగ్రీలు. (క్యాలిక్యులేటర్ డిగ్రీల్లో కాక, కోణాల ఇంకో కొలమానమైన రేడియన్లలో ఉంటే జవాబు ఎక్కడికో పోతుంది, ముందే చూసుకోండి.)

భూమి మీద ఒక డిగ్రీ అంటే సుమారు 111.2 కిలోమీటర్లు. గుణిస్తే దాదాపు 14,500. భూమి నిజానికి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుని ఉంటుంది గానీ, మన పనికి ఆ తేడా లెక్కలోది కాదు.

దూరం తేలిపోయింది. సమయం అంత తేలిగ్గా లొంగదు. జెట్ విమానం గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుందనుకుంటే 16 గంటల పైన కొద్ది నిమిషాలు. పైకెక్కడానికి, దిగడానికి వేగం తగ్గుతుంది కాబట్టి ఇంకో అరగంట కలపండి. ఆ తర్వాత గాలి సంగతి చూడాలి. విమానాలు ఎగిరే ఎత్తులో, ధ్రువాలకీ భూమధ్యరేఖకీ నడుమ గాలులు ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తాయి. లండన్ వెళ్ళే విమానం వాటికి ఎదురు పోవాలి. 2018 మార్చిలో ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్ మొదటిసారి ఎక్కడా ఆగకుండా ఈ దారిలో నడిపిన విమానానికి 17 గంటల పైనే పట్టింది. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి తోస్తుంది, సమయం తగ్గుతుంది. అందుకే ఒకే దూరానికి రానూపోనూ రెండు వేర్వేరు సమయాలు ఉంటాయి. నాకు ఈ లెక్కలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

టికెట్ మీద ఉన్న టైములను తీసివేసి ప్రయాణ సమయం అనుకోవద్దు. అవి ఏ ఊరి గడియారం ప్రకారం ఆ ఊరివి. లండన్‌లో చలికాలం అయినప్పుడు పెర్త్ లండన్ కన్నా 8 గంటలు ముందుంటుంది. పెర్త్‌లో రాత్రి 7కి బయల్దేరితే అప్పుడు లండన్‌లో ఉదయం 11. దానికి 17 కలపండి, మర్నాడు తెల్లవారుజామున 4కి దిగుతారు. ముందు ఒకే గడియారంలోకి మార్చుకుని, ఆ తర్వాతే కూడండి.

అభ్యాసం: సింగపూర్ రేఖాంశం 104, దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ రాజధాని కీటోది −78. రెండూ భూమధ్యరేఖకు దగ్గరే కాబట్టి సైన్, కొసైన్ అక్కర్లేదు. తేడా 182 వస్తుంది. దాన్ని అలాగే 111.2తో గుణించకండి, 180 దాటింది కదా, అటు వైపు నుంచి దగ్గర. 360లోంచి తీసేసి చేయండి. మీ జవాబు 19,800కి కాస్త అటూ ఇటూగా రావాలి.